సయ్యాటలో లేని ఆడపాము

వైశాఖం ఎండలు ముదిరాక నా ఫోనుకి ఒక రకం పిలుపులు మొదలవుతాయి. "మాస్టారూ, మా కళ్ళంలో పాములు సయ్యాట ఆడతన్నాయి, బేగి రండి. కుర్రోళ్ళు కర్రలట్టుకొస్తన్నారు." నాగావళి గట్టు కావచ్చు, ఆమదాలవలస పొలాలు కావచ్చు, చీపురుపల్లి పక్కన చెరకు తోట కావచ్చు. నేను బండి ఆపేసరికి సగం ఊరు అక్కడే ఉంటుంది. ముందు వరసలో పిల్లలు, వాళ్ళ వెనక సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న కుర్రాళ్ళు, ఓ పక్కగా చేతులు జోడించిన ముసలమ్మలు. పాములకు నాలుగడుగుల దూరంలో ఎవరో అప్పటికే కొత్త తువ్వాలు పరిచేసి ఉంటారు. పాములు దాని మీద పొర్లితే ఆ తువ్వాలు బీరువాలో పెట్టుకోవచ్చు. సిరి నిలుస్తుందని, పిల్లలు లేనివాళ్ళకు కడుపు పండుతుందని మా వైపు గట్టి నమ్మకం.

ఆట మాత్రం చూడదగ్గదే. ఆరేడు అడుగుల జెర్రిపోతులు రెండు తోకల దగ్గర నుంచి నడుముల దాకా పెనవేసుకుని, ముందు భాగాలు పైకి లేపి నిలబడతాయి. ఒకటి లేస్తే రెండోది దానికంటే పైకి లేస్తుంది. ఎదుటిదాని మెడ మీద తన బరువు మోపి నేలకు అణచాలని చూస్తుంది. అణిగినది ఒళ్ళు విదిల్చుకుని మళ్ళీ లేస్తుంది. కాట్లు ఉండవు, బుసలు కూడా తక్కువే. దగ్గరగా నిలబడితే ఎండుగడ్డి మీద పొలుసులు రాసుకునే చప్పుడొకటి వినిపిస్తుంది. చివరికి ఒకటి అలిసిపోయి, పట్టు విడిపించుకుని పొదల్లోకి జారుకుంటుంది. గెలిచినది కాసేపు తలెత్తి నాలుక ఆడించి ఇంకో దారి పడుతుంది. జనం దండం పెట్టుకుని, తువ్వాలు దులిపి మడత పెడతారు.

ఆ రెండూ మగవే. అది సంగమం కాదు, కుస్తీ. ఎవరి కోసం కుస్తీయో ఆ ఆడపాము ఆ చుట్టుపక్కలే ఏ గట్టు బొరియలోనో, ఏ గడ్డివాము కిందో ఉంటుంది. తన చర్మం వాసనను నేల మీద జాడగా వదిలి అది ముందే వెళ్ళిపోయింది. ఆ జాడ పట్టుకుని వచ్చిన మగాళ్ళిద్దరు దారిలో తారసపడ్డారు. నిజంగా జతకట్టేటప్పుడు పాములు లేచి నిలబడవు. మగది ఆడదాని వీపు మీద గడ్డం ఆనించి, వెంబడే పాకి, తోకను తోక కింద చుడుతుంది. ఆ తరువాత గంటల తరబడి రెండూ పెద్దగా కదలవు. దాన్ని చూడ్డానికి జనం పోగవరు. చూసినవాళ్ళు కూడా రెండు పాములు పక్కపక్కన పడుకున్నాయనుకుని కర్ర కోసం వెతుక్కుంటారు.

త్రాచు ఆడదనీ, జెర్రిపోతు దాని మగడనీ మా ఊళ్ళలో ఇప్పటికీ అంటారు. జెర్రిపోతుల్లో ఆడవీ ఉంటాయి, త్రాచుల్లో మగవీ ఉంటాయి, ఒకదానితో ఇంకొకటి జతకట్టవు అని నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పిన ఏళ్ళన్నీ చెబుతూనే వచ్చాను. పిల్లలు పరీక్షలో సరిగ్గానే రాసేవాళ్ళు. ఇంటికెళ్ళి నాయనమ్మ మాటే నమ్మేవాళ్ళు.

నాయనమ్మల కంటికి ఆడదాన్ని కనిపెట్టడం రాదని కాదు. మా అమ్మ పశువుల పాకలోకి అడుగు పెడుతూనే "ఈ పెయ్య రేపు ఎదకొస్తాది" అనేది. మేత ముందు తల తిప్పుకోవడం, ఊరికే అరవడం, పక్క ఆవు మీద గడ్డం పెట్టడం, వెనక తీగ కారడం అన్నీ ఆమె లెక్కలో ఉండేవి. కాకపోతే ఆవు సంగతి వేరు. అది మూడు వారాలకోసారి తన సంగతి తనే గట్టిగా చెప్పుకుంటుంది. చాలా పాములు ఏడాదికోసారి చెబితే ఎక్కువ, రెండేళ్ళకో మూడేళ్ళకో చెప్పేవీ ఉన్నాయి, అదీ నోరు లేకుండా. ఆ చెప్పడమేమిటో నాకు కొంత ఇక్కడి పొలాల్లోనూ, కొంత అనుకోకుండా అమెరికాలో మేనల్లుడి ఇంట్లోనూ తెలిసింది.

ముందు అది ఆడదో మగదో తేలాలి. పట్టిన పామును వెల్లకిలా తిప్పితే మలద్వారం దగ్గర అడ్డంగా ఒక పొలుసు ఉంటుంది. దాని వెనక నుంచి తోక మొదలు. మగదానికి జననేంద్రియాలు రెండు ఆ తోక లోపలే ముడుచుకుని ఉంటాయి కాబట్టి తోక మొదట్లో లావుగా ఉండి, కొంత దూరం అదే లావుతో సాగి, తరువాత సన్నబడుతుంది. ఆడదానికి ద్వారం దాటగానే తోక టక్కున సన్నబడి, పొట్టిగా ముగుస్తుంది. చేతిలో నాలుగు పాములు ఆడాక ఇది కంటికి అలవాటవుతుంది. ఇంకా అనుమానముంటే, చేయి తిరిగినవాళ్ళు నునుపైన సన్నని ఉక్కు పుల్లను నూనె రాసి తోకవైపు మెల్లగా జొనుపుతారు. కొండచిలువ జాతుల్లో ఆడదానికి పుల్ల రెండు మూడు పొలుసుల మేర పోయి ఆగుతుంది, మగదానికి ఎనిమిది పది పొలుసుల దాకా పోతుంది. చేయి తిరగనివాళ్ళు చేస్తే ఆ పామిక గుడ్లు పెట్టే పని ఉండకపోవచ్చు. నేను పొలంలో పుల్ల వాడను, తోక చూసి సరిపెట్టుకుంటాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఏదీ నిలబడలేదు. తోటలన్నీ పడిపోయాక మనుషులకి మిగిలింది ఏడుపు, పాములకి మిగిలింది ఇళ్ళు. ఆ శీతాకాలమంతా వంటగదుల్లోంచి, పశువుల పాకల్లోంచి పాములు తీశాం. మరుసటి వేసవికి ఇంకో చిత్రం బయటపడింది. పడిన చెట్లను కోసుకుపోయినవాళ్ళు కొబ్బరి మట్టలు, పీచు, మొద్దు తుక్కు తోటల అంచున కుప్పలు పోసి వదిలేశారు. వానకి తడిసి, లోపల కుళ్ళుతూ, ఆ కుప్పల నడుమ ఒక వెచ్చదనం పుట్టింది. పాములు గుడ్లు పెట్టడానికి వెతికేది అలాంటి చోటే.

కవిటి వైపు ఒక తోటకి పిలిచారు. తోట ఇంటావిడ దూరంగా నిలబడే చెప్పింది: "నెల్లాల్ల నుంచి సూస్తన్నాను బాబూ. రోజూ పొద్దున్న ఆ కుప్ప మీద ఎండ కాసుకుంటాది. నడుం కింద లావైపోనాది. ఎలకని మింగిందని ఊరుకున్నాను. ఎలకైతే ఇన్నాల్లు అరగదేటి?"

నేను చదువు చెప్పిన పిల్లల్లో ఒక్కరు కూడా ఇంత చక్కని ప్రశ్న వెయ్యలేదు. తేడా అంతా అందులోనే ఉంది. మింగిన ఎలక పాము ఒంటి నడిమికి చేరి ఒకే ఉబ్బుగా కనిపిస్తుంది, రోజు రోజుకీ తగ్గి వారంలోపే మాయమవుతుంది. గుడ్లు ఒంటి వెనక భాగంలో ఉంటాయి. ఉబ్బు పొడవుగా సాగుతుంది, వారాల పాటు ఉంటుంది, పెరుగుతుంది. పొలుసులు ఒకదానికొకటి ఎడం జరిగి మధ్యలో లేత చర్మం గీతలు గీతలుగా బయటపడుతుంది. ఆ సరికి తిండి మానేస్తుంది. ఎండకి ఎక్కువసేపు బయటుంటుంది. గుడ్లు పెట్టబోయే ముందు ఒకసారి కుబుసం విడుస్తుంది. కుప్ప పక్కన ఆ కుబుసం నాకు దొరికింది, ఇంకా మెత్తగానే ఉంది.

పైన నాలుగు మట్టలు తీసి చూస్తే లోపల జెర్రిపోతు చుట్ట చుట్టుకుని ఉంది, చుట్ట కింద తెల్లటి గుడ్లు. పైపెంకు గట్టిది కాదు, తోలులా వంగేది. ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. లెక్క పెట్టాలని పామును కదపలేదు. జెర్రిపోతు సాధారణంగా పది పదిహేను పెడుతుంది, పొదగడానికి రెండు నెలలు పడుతుంది, తల్లి కొంతకాలం గుడ్ల దగ్గరే ఉండిపోతుంది. మట్టలు మళ్ళీ కప్పేసి, శ్రావణం దాకా ఆ కుప్పకి నిప్పు పెట్టవద్దని చెప్పాను. ఆవిడ ఒప్పుకుంది గానీ బేరం కూడా పెట్టింది. తోటలో ఎలకలు తగ్గకపోతే మాత్రం నన్నే పిలుస్తానంది.

కొండచిలువ సంగతి ఇంకొంచెం దూరం పోతుంది. తోటపల్లి కాలువల వైపు, సాలూరు కొండల కింద చెరువుల్లో వేసిన వలల్లో శీతాకాలం చివర ఇవి చిక్కుకుంటాయి. అలా ఒకసారి మాఘమాసంలో ఒక పెద్ద ఆడదాన్ని వల కోసి తీశాం. ఫారెస్టు బీట్ ఆఫీసరు తల పట్టుకున్నాడు, నేను ఒళ్ళు పట్టుకున్నాను, ఇంకో ఇద్దరు తోక వైపు. మధ్యలో నా రెండు అరచేతుల కింద గట్టిగా, గుండ్రంగా ఏవో వరసగా తగిలాయి. గుడ్లుగా మారబోయే ముద్దలవి. నేను వెంటనే చేతులు వదులు చేసి, కింద నుంచి ఆనిక మాత్రం ఇచ్చాను. ఆ సమయంలో నొక్కితే లోపల చిట్లుతాయి. దూరం తీసుకెళ్ళి వదలకూడదని కూడా పట్టుబట్టాను. ఆఫీసరు అడిగాడు, "ఎందుకు సార్, లోపలి అడవిలో వదిలితే సేఫ్ కదా?" గుడ్లు పెట్టే చోటును అది ముందే చూసి పెట్టుకుని ఉంటుంది, కొత్త చోట వదిలితే దిక్కు తెలియక తిరిగి నీరసిస్తుంది అన్నాను. చెరువుకి అవతలి గట్టు దాటించి, రాళ్ళ సందుల దగ్గర వదిలాం.

కొండచిలువ తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని, చలి వేస్తే కండరాలు వణికించి వేడి పుట్టిస్తుంది. చల్లటి నెత్తురు జంతువు తన ఒంటి వేడిని తనే పెంచుకుంటుందంటే శాస్త్రవేత్తలు చాలాకాలం ఒప్పుకోలేదు. 1966లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలో పొదుగుతున్న ఒక ఆడ కొండచిలువ చుట్టల మధ్య వేడి కొలిచి, అది బయటి గాలికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా ఉంటోందని చూపించాక గాని ఆ వాదన తేలలేదు. ఇంత పని చేసే తల్లి రెండు నెలల పాటు దాదాపు ఏమీ తినదు. గుడ్లకి పెట్టుబడి, పొదగడానికి ఖర్చు, రెండూ ముందే కూడబెట్టుకున్న కొవ్వులోంచే రావాలి. బక్కచిక్కిన ఆడపాము ఆ పనికి దిగదు. దిగితే కోలుకోవడం కష్టం.

పాములను ఇలా దగ్గరగా చూసి రాసుకోవడం మా తీరానికి కొత్త కాదు. 1780లలో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు ఈ కోస్తా పాములను తెప్పించుకుని, బొమ్మలు గీయించి, 1796లో లండన్‌లో పెద్ద పుస్తకంగా అచ్చు వేయించాడు. పాముల పేర్లు మనవాళ్ళు చెప్పినవి చెప్పినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఇప్పుడు ఆయన పేరుతో ప్రపంచమంతా పిలిచే రక్తపింజరికి ఆ పుస్తకంలో ఉన్న పేరు కాటుక రేకుల పొడ. కొండచిలువకి పెద్ద పొడ. ఆయన పట్టు అంతా విషం మీదే. ఏ పాము ఎప్పుడు గుడ్లు పెడుతుందో ఆయనకు పెద్దగా పట్టలేదు, కాటు పడినవాడిని బతికించాలన్న తొందరలో ఉన్న మనిషిని తప్పు పట్టలేం.

ఇక అమెరికా సంగతి. 2022 డిసెంబరులో అక్క కొడుకు రమ్మంటే డాలస్ దగ్గర ఫ్రిస్కోకి వెళ్ళాం. ఇంట్లో పాములున్నాయని వాడు ముందే చెప్పాడు, మా ఆవిడకి మాత్రం విమానం దిగాక చెప్పాను. పై అంతస్తులో ఒక గదినిండా అరలు, అరల్లో ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక బాల్ పైథాన్. ఆఫ్రికాలో ఘనా, టోగో, బెనిన్ వైపు పాము ఇది. విషం లేదు. మన కొండచిలువ కుటుంబానిదే గాని సాధారణంగా నాలుగైదు అడుగులకి మించదు. భయపడితే తల లోపలికి దాచుకుని గుండ్రంగా ముడుచుకుపోతుంది. టెక్సాస్‌లో దీన్ని పెంచడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆర్లింగ్టన్‌లో ఏటా జరిగే సరీసృపాల సంతలో అమ్ముడవుతాయి. 1992లో ఒక అమెరికన్ పెంపకందారుడు పసుపు, తెలుపు రంగుల అల్బినో పాములను పుట్టించినప్పటి నుంచి రంగుకో రేటు పలుకుతోంది.

వాడి దగ్గర పెద్ద ఆడవి రెండు. ఒకదానికి ఐదేళ్ళు, పేరు లక్ష్మి. రెండోదానికి మూడేళ్ళు, పేరు పెట్టలేదు, డబ్బా మీద నంబరే. "మావయ్యా, పదిహేను వందల గ్రాములు దాటితే రెడీ అంటారు. ఇది 1,560 ఉంది. మగదాన్ని పెట్టేద్దామా?" అన్నాడు చిన్నదాన్ని తక్కెడ మీద నుంచి దించుతూ. వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడ అది. మా ఆవిడ ఆ తరువాత ఆ ఇంట్లో ఏదీ తూచలేదు.

మూడేళ్ళు, పదిహేను వందల గ్రాములు అనే లెక్క తప్పుడు లెక్క కాదు. అంతకంటే తక్కువలో పెట్టకూడదని చెప్పడానికి పనికొస్తుంది. దాటగానే పెట్టాలని అది చెప్పదు. పామును నేల మీద సాగనిచ్చి, పై నుంచి వీపు చూడమన్నాను. చిన్నదాని వెన్నెముక గట్టు కట్టినట్టు పైకి తేలి, రెండు పక్కలా తాటాకింటి కప్పులా వాలుగా ఉంది. లక్ష్మి వీపు గుండ్రంగా నిండి, వెన్ను కనిపించీ కనిపించకుండా ఉంది, పట్టుకుంటే కండ గట్టిగా తగిలింది. చిన్నదానికి వాడు బరువు తొందరగా పెరగాలని వారానికి రెండేసి ఎలకలు పెట్టాడు. పొడవు పెరిగింది, తూకం పెరిగింది, నిలవ చేరలేదు. లక్ష్మి బరువు 1,930. దాని తిండి చిట్టా చూశాను, వాడు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి అన్నీ రాసి పెట్టుకున్నాడు. ఏడాది పొడుగునా నింపాదిగా, ఒకే తీరుగా తింది.

వాడు కొంచెం నొచ్చుకున్నాడు. అప్పుడు ఫ్రాన్స్ వాళ్ళ పరిశోధన ఒకటి చెప్పాను. 1996లో నొలో, బొనె అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడి ఒక రకం పింజరి మీద చేశారు. ఆడపాము వయసును బట్టి కాకుండా, దాని ఒంటి పొడవుకి తగ్గ నిలవ ఒక హద్దు దాటిందా లేదా అన్నదాన్ని బట్టి ఆ ఏడు కడుపు కడుతుందని, హద్దు దాటకపోతే కట్టదని వాళ్ళు తేల్చారు. "అంటే వాయిదా వెయ్యడం దానికే తెలుసన్నమాట" అన్నాడు. అడవిలో దానికి తెలుసు. డబ్బాలో దాని తరఫున నువ్వు తొందరపడుతున్నావు అన్నాను.

లక్ష్మికి మాత్రం పని అప్పటికే మొదలైంది. నవంబరు నుంచి వాడు రాత్రిళ్ళు గది వేడి కొద్దిగా తగ్గిస్తూ, మధ్యమధ్య మగదాన్ని రెండు మూడు రోజులు జత పెట్టి తీసేస్తున్నాడు. నాకు నేర్పింది ఆ రోజుల్లో లక్ష్మి నడవడే. ఎప్పుడూ వేడి పలక మీద పడుకునేది, చల్లటి మూలకి మారి నీళ్ళ గిన్నె చుట్టూ చుట్టుకోవడం మొదలెట్టింది. ఒంటి వెనక భాగం పక్కకి తిప్పి, పొట్ట సగం పైకి పెట్టి పడుకునేది. ముదురు గోధుమ రంగు తేలి, మచ్చల అంచులు లేత బంగారు వన్నెకి వచ్చాయి. తరువాత ఎలకని చూసి మొహం తిప్పుకుంది. ఆ రోజు అమ్మ గుర్తొచ్చింది.

జనవరిలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అక్కడ పాములు చూడ్డానికి వేరే డాక్టర్లుంటారు. ఒంటి కింద జిగురు రాసి అల్ట్రాసౌండ్ పెడితే తెర మీద నల్లటి గుండ్రాలు వరసగా కనిపించాయి. ఒక్కొక్కటి రెండున్నర సెంటీమీటర్ల దాకా ఉన్నాయి. సెంటీమీటరులోపు ఉంటే ఇంకా నిద్రలో ఉన్నట్టు, అవి వెనక్కి కరిగిపోయినా పోవచ్చు. రెండు దాటాక సాధారణంగా ముందుకే పోతాయి. డాక్టరు వేళ్ళతో నొక్కి చూసే పద్ధతి కూడా చూపించాడు. ఒంటి కింద బొటనవేలు ఆనించి, పామును మెల్లగా మీది నుంచి పాకనిస్తే లోపలి గుండ్రాలు ఒక్కొక్కటే వేలి మీదుగా దాటుతాయి. నా చేతికి సాలూరు చెరువులో తగిలినవి ఇంకా పెద్దవి. మేనల్లుడికి అది చెబితే వాడు డాక్టరుకి తర్జుమా చేశాడు. ఆయన నా వంక కొత్తగా చూసి, అడవి కొండచిలువను పట్టుకున్నప్పుడు అది ఎంత పొడవుందని అడిగాడు. నా ఇంగ్లీషు చాలక చేతులు చాచి చూపించాను.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే కోడలు పిల్ల పై నుంచి కేకేసింది. "మావయ్యగారూ, లక్ష్మికి ఎవరు తిండి పెట్టారు? ఇంత లావుందేంటి?" ఎవరూ పెట్టలేదు. పాము ఒంటి నడుమ ఒక పెద్ద ఉబ్బు, పెద్ద ఎలకని అప్పుడే మింగినట్టు. ఒళ్ళు బిగుసుకుని, కదలడానికి ఇష్టం లేక పడుకుంది. అండాలు విడుదలయ్యే ఘడియ అదే. ఒక్క పూటో ఒక్క రోజో మాత్రమే ఉంటుంది. రాత్రి వచ్చి తెల్లారేసరికి పోయిన ఉబ్బును మనుషులు చూడనే చూడరు. మర్నాటికి తగ్గిపోయింది. ఇక మగదానితో పని లేదని దాన్ని వేరే అరకి మార్చేశాడు. అక్కడి నుంచి లెక్క సూటిగా సాగింది. మూడు వారాలకి కుబుసం, కుబుసానికి నెల దాటీ దాటకుండా గుడ్లు. ఏప్రిల్‌లో లక్ష్మి ఆరు గుడ్లు పెట్టి చుట్టుకుంది. ఒకటి పసుపుగా, చిన్నగా, గట్టిపడి ఉంది. అది పొల్లు. మిగతావి తెల్లగా, బొద్దుగా, ఒక్కొక్కటి ఎనభై ఐదు గ్రాముల దాకా. తల్లిని తీసి తూస్తే 1,310.

ఆ అంకె చూసి వాడు చాలాసేపు తక్కెడ ముందే కూర్చున్నాడు. డిసెంబరులో చిన్నదాన్ని కూడా పెట్టేసి ఉంటే దాని బరువులోంచి ఇంత పోయేది, అందులో కొవ్వు ఎంత, కండ ఎంత అని వాడే లెక్క వేసుకున్నాడు. నేనేమీ అనలేదు. గుడ్లను ముప్పై ఒకటిన్నర డిగ్రీల పెట్టెలో పెట్టాడు. పిల్లలు జూన్‌లో పెంకు చీల్చుకున్నప్పుడు నేను శ్రీకాకుళంలో ఉన్నాను, వీడియో కాల్‌లో చూశాను.

నేను తిరిగి వచ్చాక ఇక్కడి కుర్రాళ్ళకి లక్ష్మి వీడియోలు చూపించాను. ఒకడు వెంటనే, "మాస్టారూ, మనం కూడా ఒక కొండచిలువ పెంచి గుడ్లు పెట్టిద్దామేటి?" అన్నాడు. కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు పాముని పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములకి కూడా ఇప్పుడు ప్రభుత్వం దగ్గర నమోదు ఉండాలి. ఈ కట్టడి నాకు నచ్చుతుంది. మా దగ్గర ఆడపాము సిద్ధంగా ఉందో లేదో చూడ్డం దాన్ని జత కట్టించడానికి కాదు, దాన్ని ఎక్కడ, ఎప్పుడు, ఎలా వదలాలో తేల్చుకోవడానికి. నడుం కింద బరువున్న పామును సంచిలో కుక్కకూడదు, తోక పట్టి వేలాడదీయకూడదు, ఊరికి అరమైలు దాటి పట్టుకుపోకూడదు. రక్తపింజరి అయితే గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. శీతాకాలంలో జతకట్టి ఎండలు తగ్గే వేళకి ఇరవై, ముప్పై, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పిల్లల్ని కనేస్తుంది. వేసవిలో లావుగా దొరికిన ఆడ పింజరిని ధాన్యం కొట్టు పక్కన వదిలేసి రావడమంటే ఆ ఊరివాళ్ళకి ద్రోహం చేసినట్టే.

మందస వైపు కొండల కింద దొరికే గిరినాగు (కింగ్ కోబ్రా) విషయంలో ఈ చూపు ఇంకా అవసరం. ప్రపంచంలో ఆకులు పోగేసి గూడు కట్టే పాము అదొక్కటే. ఆడదే కడుతుంది. వేసవిలో ఒళ్ళు మెలికలు తిప్పి ఎండుటాకులు ఊడ్చి, మోకాలెత్తు కుప్ప చేసి, మధ్యలో గుడ్లు పెట్టి పైన కాపలా ఉంటుంది. ఆ రోజుల్లో ఎవరైనా అటు నడిచినా లేచి నిలబడుతుంది. జీడి తోటల కూలీలు భయపడి చంపేస్తున్నారు. ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వాళ్ళు ఉత్తరాంధ్రలో గిరినాగుల మీద పనిచేస్తూ ఊళ్ళలో చెబుతూ వస్తున్నారు. 2024లో గిరినాగు ఒకే జాతి కాదని, నాలుగని తేల్చారు. మన తూర్పు కనుమలది హిమాలయాల వైపు గిరినాగు జాతిలోనే ఉంది, పడమటి కనుమలది వేరే. జాతి ఏదైనా గూడు మీద ఉన్న తల్లిని గుర్తుపట్టడం కూలీలకి రావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆకు కుప్ప పక్కన పెద్ద పాము కనిపిస్తే ముందు వెనక్కి నడవండి, ఆ తరువాత ఫోను చెయ్యండి అని చెబుతుంటాను. వింటున్నారు. ఫోను మాత్రం ముందు చేస్తున్నారు, వీడియో తీస్తూ.

మొన్న కార్తీకంలో, నాగుల చవితి పొద్దున పుట్టల దగ్గర టపాసులు పేలుతున్న గోలలో మేనల్లుడు ఫోను చేశాడు. చిన్నదాని బరువు ఇప్పుడు 1,740 అన్నాడు. వీపు ఎలా ఉందని అడిగాను. వాడే నవ్వి, వెన్ను ఇంకా కనిపిస్తోంది మావయ్యా, ఈ ఏడు కూడా పెట్టను అన్నాడు. దానికి ఇప్పుడు పేరు కూడా పెట్టాడట, గౌరి. లక్ష్మి 1,600 దాకా కోలుకుంది, దానికీ సెలవే. మరి మగదాన్ని ఏం చేశావన్నాను. ఇర్వింగ్‌లో ఒక స్నేహితుడు అడిగితే రెండు నెలలకి అప్పిచ్చాడట.

"వాడి ఆడపాము బరువెంత?" అన్నాను.

"1,510 మావయ్యా. నిన్నే దాటిందట."

ఆ కుర్రాడి నంబరు పంపమన్నాను.